నా మీద పడ్డ నింద

నేను గ్యాసులో తేమ కొలిచే మీటరుని. విశాఖలో ఓ ఫ్యాక్టరీలో నైట్రోజన్ లైను పక్కన గోడకు వేలాడుతుంటాను. పది లక్షల పాళ్లలో ఒక్క పాలు నీరున్నా పసిగడతాను. దాన్నే మీరు ఒక పీపీఎం అంటారు.

నా పొట్టలో సన్నటి గాజు గొట్టం, దాని లోపలి గోడకు మెలికలు తిరిగిన రెండు ప్లాటినం తీగలు, ఆ తీగల నడుమ ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ పూత. ఇదంతా కలిపి నా సెల్. ఆ పూతది ఆరని దాహం. అది పీల్చుకున్న నీటిని కరెంటుతో విడగొట్టేస్తాను. ఎంత కరెంటు ఖర్చయిందో అంత నీరు వచ్చినట్టు లెక్క. డ్యూపాంట్ కంపెనీలో పనిచేసిన కీడెల్ 1959లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది.

నాకో షరతుంది. నిమిషానికి 100 మిల్లీలీటర్ల గ్యాసే నాలోంచి పోవాలి. అప్పుడు ఒక పీపీఎంకి సుమారు 13 మైక్రోఆంపియర్లు. నేను లెక్కపెట్టేది నీటిని, గ్యాసును కాదు. గ్యాసు రెట్టింపు వదిలితే నా అంకె కూడా రెట్టింపవుతుంది. గ్యాసు ఎంత పోతోందో చూపే రోటామీటరు వైపు చూడకుండా నన్ను తిడితే నేనేం చెయ్యను?

మొన్న వానాకాలంలో నా అంకె 2 నుంచి 8కి ఎగబాకింది. కుర్ర టెక్నీషియన్ ఫిట్టింగులన్నిటికీ సబ్బు నీళ్లు రాశాడు. ఒక్క బుడగ లేవలేదు. చివరి వాల్వు మూసి ప్రెషర్ పట్టి చూశాడు. అరగంటైనా గేజి ముల్లు కదల్లేదు. "సెల్ పోయింది" అని కొత్తదానికి ఇండెంట్ రాసేశాడు.

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఫోర్‌మన్ వచ్చి నా ముందు స్టూలేసుకున్నాడు. "ఫ్లో 50కి తగ్గించరా."

తగ్గించి, అంకె నిలకడ పడేదాకా కూర్చున్నారు. 7 దగ్గర ఆగింది.

"గ్యాసు సగమైతే 8 కాస్తా 4 అవ్వాల కదా. ఏటిది? బయటి తేమేదో దూరతంది."

"లోపల ప్రెషరుంది కదా గురువుగారూ, బయటి తేమ ఎలా వస్తాది?"

రాకేం? ఉక్కపోత రోజుల్లో మా విశాఖ గాలిలో నీటి ఆవిరి పాతిక వేల పీపీఎం పైమాటే. లోపల రెండు. నైట్రోజన్ ఎంత బలంగా తోస్తున్నా ఆవిరికి పట్టదు, తను తక్కువున్న చోటికే చొరబడుతుంది. ఆ చొరబడేది ఫ్లోతో పాటు తగ్గదు. గ్యాసులో నిజంగా ఉన్నది 2, దారిలో చేరినది 6. ఫ్లో సగం చేస్తే 2 కాస్తా 1 అయింది, 6 మాత్రం 6గానే ఉంది. కూడితే 7.

దొంగ దొరికింది. గత షట్‌డౌన్‌లో తాత్కాలికమని ఎవరో తగిలించిపోయిన జానెడు రబ్బరు గొట్టం! రబ్బరుకు చిల్లు అక్కర్లేదు, తేమ దాని ఒంట్లోంచే దూరిపోతుంది. బుడగలెక్కడ వస్తాయి? దాన్ని పీకి స్టీలు ట్యూబు బిగించారు. రాత్రంతా పొడి గ్యాసు పారించి లైను ఆరబెట్టారు. తెల్లారేసరికి 100 దగ్గర 2, 50 దగ్గర 1.

కొత్త సెల్‌కు రాసిన ఆ ఇండెంటు మాత్రం ఇంకా స్టోర్సులోనే ఉందట. ఎవరైనా దాన్ని వెనక్కి తీసుకోండి బాబూ.