జోకొట్టు యంత్రమా! (టీకా తాత్పర్య విశేష సహితం)

అవతారిక

ఇది సెలూన్ పద్యం. కటింగ్ పూర్తయి, మెడ మీది వెంట్రుకలు బ్రష్షుతో దులిపి, కప్పిన గుడ్డ విప్పబోతూ "మెషిన్ పెట్టాల్నా అన్నా?" అని అడిగే ఘట్టం దీనికి సందర్భం. అడిగినవాడు నిలబడి ఉంటాడు. అడిగించుకున్నవాడు కూర్చుని ఉంటాడు. ఇంతవరకు ఈ పద్యాన్ని వ్యాఖ్యానించినవారంతా కూర్చున్నవారే. అందుచేత "సుఖమాయె" అన్న మాట దాకా వచ్చేసరికి అందరికీ కళ్ళు మూతపడ్డాయి. ఆపై పద్యం చదివిన దాఖలా లేదు. నిలబడ్డవాడి వైపు నుంచి ఒక టీక అవసరమని తోచి ఈ ప్రయత్నం.

కవి పేరు తెలియదు. వరుస కోసం బల్ల మీద కూర్చుని, ఉన్న ఒక్క పేపరూ ఇతరుల చేతిలో ఉండగా, చేసే పని లేక చెప్పి ఉంటాడని బల్ల పక్షంవారి ఊహ.

మూలం

చేతి వెన్నుకు మోటారు చేరగట్టి
తలను జోకొట్టు యంత్రమా! దానివలన
మాకు సుఖమాయె, కట్టిన మనిషి కేమి?
వ్రేళ్ళు తిమ్మిరులెక్కిన వేళఁ జెప్పు.

ప్రతిపదార్థం

చేతి వెన్నుకు = చేతి పైభాగానికి (అరచేతికి కాదు); మోటారు = కరెంటుతో తిరుగుతూ, తిరగడం కంటే వణకడమే ఎక్కువగా చేసే వస్తువును; చేరగట్టి = స్ప్రింగులలో వేళ్ళు దూర్చి బిగించి; తలను = అప్పుడే కటింగ్ అయిన తలను (బరువు తగ్గినదని భావం); జోకొట్టు = నిద్రపుచ్చునట్టి; యంత్రమా = ఓ మెషినూ!; దానివలన = ఆ జోకొట్టుట చేత; మాకు = కుర్చీలో ఉన్న మాకు; సుఖము + ఆయె = హాయి కలిగెను; కట్టిన మనిషికి + ఏమి = నిన్ను చేతికి కట్టుకొన్నవానికి ఏమి దక్కెను?; వ్రేళ్ళు = అతని వేళ్ళు; తిమ్మిరులు + ఎక్కిన వేళన్ = స్పర్శ తెలియని సమయమందు; చెప్పు = బదులు పలుకుము.

తాత్పర్యం

ఓ మర్దన యంత్రమా! నీవు ఒకరి చేతికెక్కి మరొకరి తలకు సుఖమిస్తున్నావు. సుఖపడిన తలలం మేము సరే. నిన్ను మోసిన చేతి సంగతి ఏమిటో, ఆ వేళ్ళు తిమ్మిరెక్కినప్పుడు చెప్పు.

ఛందో వ్యాకరణ విశేషాలు

తేటగీతి. రెండో పాదంలో త–ద లకు వర్గయతి, నాలుగో పాదంలో వ్రే–వే లకు సంయుక్తయతి. ప్రాస లేదేమని అడగరాదు, ఉపజాతులకు ఆ నియమం లేదు.

వైయాకరణులు ఒక దోషం పట్టారు. "కట్టి... జోకొట్టు" అన్నప్పుడు రెండు పనులకూ కర్త ఒకడే కావాలి. ఇక్కడ కట్టినవాడు మనిషి, జోకొట్టేది యంత్రం. అన్వయం చెడింది నిజమే. కానీ లోకంలోనూ అంతే కదా! "మెషిన్ బాగుంది" అంటూ లేచే గిరాకీ కూడా కర్తను అలాగే మింగేస్తాడు. దోషం లోకానిది, పద్యం అద్దం పట్టిందని సమాధానం.

విశేషాంశాలు

*చేతి వెన్నుకు:* ఇదే ఈ యంత్రం ఆయువుపట్టు. లండన్ వైద్యుడు జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ 1883లో, కంపనంతో నరాల నొప్పులకు చికిత్స చేయడం గురించి పుస్తకం రాశాడు. ఆయన వాడిన యంత్రం కొస నేరుగా రోగి ఒంటికే తగిలేది. అమెరికాలో 1924లో జాన్ ఆస్టర్ మొదలుపెట్టిన క్షౌర పరికరాల కంపెనీ, తరవాతి దశాబ్దాల్లో 'స్టిమ్-యు-లాక్స్' పేరుతో మోటారును తెచ్చి చేతి వెన్ను మీద కూర్చోబెట్టింది. (ఆ కంపెనీయే 1946లో బ్లెండర్ తయారీదారును కొని ఆ వ్యాపారంలో దిగింది. తలను ఊపడానికీ పండును చిలకడానికీ కావలసిన విద్య ఒకటేనని పండితులు గ్రహించాలి.) మన సెలూన్లలో చేతికి తొడిగే మెషిన్లదీ అదే వంశం.

వెన్ను మీదనే ఎందుకు? లోహపు కొసకు కణత ఏదో, చెవి వెనక ఎముక ఏదో తెలియదు. వేలికి తెలుస్తుంది. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ జారిపోవాలో నిర్ణయించేది వేలి కొస. మోటారు బలం ఇస్తుంది, వేలు బుద్ధి ఇస్తుంది. ఈ యంత్రం గొప్పతనమంతా ఈ శ్రమ విభజనలో ఉంది. దాని దోషం కూడా అందులోనే ఉన్నదని నాలుగో పాదం దగ్గర తేలుతుంది.

*మోటారు:* తిరిగేది గిర్రున తిరగాలి గాని వణకడమెందుకని శంక. ఇరుసుకు ఒక పక్కనే బరువు తగిలించారు కనుక అని సమాధానం. ఆ బరువు ఎటు వెళ్తే యంత్రమంతా అటు లాగబడుతుంది. 10 గ్రాముల ముక్కను ఇరుసుకు 5 మిల్లీమీటర్ల ఎడంలో పెట్టి సెకనుకు 50 చుట్లు తిప్పామనుకుందాం. దాని లాగుడు సుమారు అరకిలో బరువంత. వేగం రెండింతలు చేస్తే లాగుడు నాలుగింతలవుతుంది. "కొంచెం స్పీడు పెంచు తమ్ముడూ" అన్నవాడు తాను అడిగింది కొంచెమే అనుకుంటాడు. గణితం అలా అనుకోదు.

*మాకు సుఖమాయె:* బహువచనం గమనార్హం. సుఖపడేవారు రోజంతా మారుతూ ఉంటారు, ఆదివారం మరీ ఎక్కువ. కట్టిన మనిషి మాత్రం ఏకవచనం. ఒక్కో తలకు అందేది కాసేపే. ఆ కాసేపులన్నీ కలిసి జమ అయ్యేది ఒక్క చేతి ఖాతాలో.

*వ్రేళ్ళు తిమ్మిరులెక్కిన వేళ:* వేలి కొసల్లో కంపనాన్ని పసిగట్టే గ్రాహకాలుంటాయి. వాటిలో లోతుగా ఉండే పసీనియన్ గ్రాహకాలు సెకనుకు 200 నుంచి 300 కంపనాల దగ్గర బాగా చురుకు. కాసేపు ఆగకుండా వణికిస్తే ఈ గ్రాహకాలు మొద్దుబారి, తేరుకోవడానికి కొంత వ్యవధి అడుగుతాయి. ఇక్కడ విరోధం చూడండి. వేలికి తెలివి ఉందనే మోటారును దాని వెనక కట్టారు. ఆ మోటారే వేలి తెలివిని తీసేస్తోంది. తరువాతి గిరాకీకి గడ్డం గీయవలసింది ఆ వేళ్ళతోనే అని గుర్తొస్తే కుర్చీ పక్షంవారికి కూడా నాలుగో పాదం మీద ఆసక్తి పుట్టాలి.

దీర్ఘకాలపు హాని సంగతి పూర్వులకు తెలుసు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్ రాతి గనుల్లో గాలి సుత్తులు పట్టేవారి వేళ్ళు చలికి తెల్లబడి చచ్చుబడడాన్ని 1918లో వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ పరిశీలించింది. రాతి సుత్తికీ సెలూన్ మెషిన్‌కూ పోలిక లేదు. కానీ రెంటినీ కొలిచే పద్ధతి ఒకటే. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశం ప్రకారం, ఎనిమిది గంటల పనికి సగటు కట్టి చూస్తే చేతికి చేరే కంపనం 2.5 దాటితే యజమాని చర్య మొదలుపెట్టాలి, 5 దాటనే కూడదు. ప్రమాణం, సెకను వర్గానికి మీటర్లు. చేతి దగ్గర 10 కొలిచే యంత్రమైతే అరగంట వాడకంతోనే 2.5 నిండుతుంది. యంత్రం కంపనాన్ని 10 నుంచి 5కు దించితే అందుకు రెండు గంటలు పడుతుంది. కంపనం సగమైతే కాలం నాలుగింతలు దొరుకుతుందన్నమాట. సంస్కర్తలు కంఠస్థం చేయదగిన లెక్క ఇది.

పరిష్కరణ

తాళపత్రాల్లో పాఠం చెడితే పండితులు సవరిస్తారు. యంత్రం కూడా పాఠమే కనుక, ప్రచారంలో ఉన్న సవరణలను ఒక్కొక్కటే పరీక్షిద్దాం.

*మొదటి పాఠం: "మోటారును తేలిక చేయుము."* అందరి నోటా వచ్చేది ఇదే. చూడ్డానికి సాధువు, లోపల విషం. పక్క బరువు మార్చకుండా యంత్రం ఒళ్ళు మాత్రం తేలిక చేస్తే అది మరింత ఊగుతుంది. పైన చెప్పిన 10 గ్రాముల ముక్క అరకిలో యంత్రాన్ని మిల్లీమీటరులో పదోవంతు కదిలిస్తే, పావుకిలో యంత్రాన్ని ఐదోవంతు కదిలిస్తుంది. మోత తగ్గింది, వణుకు రెట్టింపయింది. ఒళ్ళు తగ్గించినంత వంతున పక్క బరువునూ తగ్గిస్తేనే ఈ పాఠం గ్రాహ్యం.

*రెండో పాఠం: "మోటారుకూ చేతికీ నడుమ మెత్త వేయుము."* చేతికి చేరనిది తలకూ చేరదు. దారి చేతిలోంచే గనుక, దారిని మూసి ఊరు చేరుద్దామనడం వంటిది. పలుచని మెత్త వల్ల వేడి తగ్గుతుంది, లోహపు అంచు గుచ్చుకోదు. అంతవరకే ప్రయోజనం.

*మూడో పాఠం: "వేలి కొసకొక బుల్లి మోటారు పెట్టి తొడుగు చేయుము."* సెల్‌ఫోన్ల పుణ్యమా అని అంత చిన్న మోటార్లు దొరుకుతున్నాయి. కానీ తిమ్మిరెక్కే చోటుకే మోటారును దింపినట్టవుతుంది. తిరస్కృతం.

*నాలుగో పాఠం: "జోడు చక్రాలు."* ఒకే పక్క బరువు తిరిగితే లాగుడు అన్ని వైపులకూ పోతుంది. తలకు కావలసింది పైనుంచి కిందికి నొక్కు. పక్కలకు పోయే ఊపు చేతి కీళ్ళకే. రెండు సమానమైన పక్క బరువులను ఎదురెదురుగా తిప్పితే పక్కల ఊపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని నిలువు నొక్కు మాత్రం మిగులుతుంది. ఖర్చు కొంత పెరుగుతుంది. సాధుపాఠం.

*ఐదో పాఠం: "తీగను వదిలించుము."* 230 వోల్టుల తీగ, నీళ్ళు చల్లే సీసా, నూనె చేయి, పాత లోహపు మెషిన్ — ఈ నాలుగూ ఒకచోట చేరడం శుభయోగం కాదు. లిథియం సెల్లు రెండు వరసగా కలిపితే ఏడు వోల్టులకు పైన వస్తుంది. షాకు భయం లేదు. అయితే సెల్లులను మళ్ళీ చేతి వెన్ను మీదే పేర్చి మోత పెంచరాదు. నడుము బెల్టుకు పెట్టి సన్నని తీగ చొక్కా చేతిలోంచి తేవాలి. కరెంటు మెషిన్ తప్పనివారు జోడు చతురస్రాల గుర్తు, అంటే రెండు పొరల రక్షణ, ఉన్నదే కొనాలి.

*ఆరో పాఠం: "స్ప్రింగులకు బదులు పట్టీ."* స్ప్రింగుల చుట్ల సందుల్లో చేతి వెంట్రుకలు చిక్కుకోవడం కట్టినవారికే తెలిసిన రహస్యం. సైజు మార్చుకోవడానికి వీలైన, ఉతకదగిన పట్టీ కావాలి. పెద్ద చేతులకు చేసిన చట్రాన్ని బ్యూటీ పార్లర్ అక్క చేతికి తగిలిస్తే జారుతుంది. జారకుండా ఆమె మరింత బిగిస్తుంది. బిగించిన కొద్దీ వణుకు చేతిలోకి ఎక్కువగా దిగుతుంది. సరిపోని సైజు అసౌకర్యం మాత్రమే కాదు, మోతాదు కూడా.

*ఏడో పాఠం: "విరామచిహ్నాలు."* ఈ యంత్రం చుక్క లేని వాక్యంలా మోగుతుంది. పది సెకన్లు నడిచి ఐదు సెకన్లు ఆగేటట్టు చేస్తే చేతికి వణుకు తగిలే కాలం మూడింట ఒక పాలు తగ్గుతుంది. ఇందులో తలకు నష్టం లేదు. ఆగకుండా వణికితే చర్మం దానికి అలవాటు పడి హాయి పలచబడుతుంది. ఆగి మళ్ళీ మొదలైతే కొత్తగా ఉంటుంది. తల లాభమూ చేతి లాభమూ ఒక్కటయ్యే చోటు ఇదే కనుక ఉత్తమపాఠం.

*ఎనిమిదో పాఠం: "లెక్క దీపం."* ఆ రోజు చేతికి ఎంత వణుకు జమ అయిందో యంత్రమే లెక్కగట్టి, హద్దు దగ్గరపడితే ఎర్ర దీపం వెలిగించాలి. దీపం గిరాకీకి కనబడేటట్టు పైన ఉండాలని నా పాఠం. మెషిన్ వద్దంటే గిరాకీ పోతుందేమోనని నిలబడ్డవాడు అనలేని మాటను దీపం అంటుంది.

పూర్వపక్ష సిద్ధాంతాలు

"ఆ పని వారికి అలవాటే, ఏ బాధా లేదంటారు" అని కుర్చీ పక్షం. తిమ్మిరెక్కిన వేలికి బాధ తెలియదు. దాని వాంగ్మూలం చెల్లదు.

"అయితే మెషిన్ మానేసి ఉత్త చేతులతో మర్దన చేస్తే సరి" అని సంప్రదాయ పక్షం. ఉత్త చేతుల మర్దనకు బొటనవేలి కీళ్ళు అరుగుతాయి. మెషిన్ వచ్చింది ఆ శ్రమ తగ్గించడానికే. తీసేయమనడం కూర్చున్నవాడి వైరాగ్యం.

"ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?" అని యజమాని పక్షం. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం చేశారు. 20 వాట్ల మెషిన్ 50 గంటలు మోగితే గాని ఒక యూనిట్ కాదు. మెషిన్ తిండికి సర్కారు సాయం వచ్చింది, చేతి తిమ్మిరికి పద్దే లేదు. ఎక్కడ పద్దు లేదో అక్కడ ఖర్చు లేదనిపించడం లోకసహజం.

కాబట్టి సిద్ధాంతం: ఈ యంత్రానికి వినియోగదారుడు తల కాదు, చేయి. తల దాని ముందు కాసేపు కూర్చుంటుంది. చేయి దానితో కాపురం చేస్తుంది. డిజైన్ మంచిచెడులు కూర్చున్నవాడి గురక బట్టి కాక, నిలబడ్డవాడి వేళ్ళకు రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు వేడి తెలుస్తోందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చాలి.

ఫలశ్రుతి

ఈ టీకను తయారీదారు చదివితే జోడు చక్రాలు చేయుగాక. యజమాని చదివితే పట్టీ మార్పించుగాక. కుర్చీలో కూర్చున్నవాడు చదివితే, మామూలుగా అనేదానికి ఒక నిమిషం ముందే కళ్ళు తెరిచి "చాలు తమ్ముడూ" అనుగాక. మూడింటిలో డబ్బు ఖర్చులేనిదీ, రేపటి నుంచే అమలు చేయదగినదీ ఈ చివరిది.