టర్బో యోగం

బరంపురంలో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణి జాతర. అమ్మవారు దేశిబెహరా వీధికి పుట్టింటికొచ్చినట్టు వచ్చి కూర్చుంటుంది, మొక్కున్నవాడల్లా వేషం కడతాడు. రాత్రి సందులో పులి ఎదురైతే, పొద్దున్న అప్పడాలు తూచి ఇచ్చిన శాల్తీయే అని అందరికీ తెలుసు. ఒరిజినల్ ఎక్కడయ్యా అని ఎవరూ నిలదియ్యరు. ఆమాటకొస్తే ఈ గంజాం జిల్లాయే 1936 ఏప్రిల్ 1న మద్రాసు నంబరు పీకేసి ఒడిశా నంబరు తగిలించుకుంది. మనుషులు మారొచ్చు, జిల్లాలు మారొచ్చు. మారకూడనిది మోటారు కారు ఒక్కటే.

ఈ సంగతి మా పెదబావకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఆయనకో 1986 నాటి అంబాసిడర్ ఉంది, 1489 సీసీ డీజిల్. గోపాల్‌పూర్ వెళ్లాలంటే ముందురోజే దాన్ని ఒప్పించాలి. హైవే మీద సరుకుల ఆటోలు హారన్ కొట్టి మరీ దాటిపోతుంటే బావకు రోషమొచ్చింది. కాంటెస్సాలో వచ్చే ఇసుజు టర్బో డీజిల్ ఇంజిన్ ఎక్కడో ఉందని విన్నాడు. అదీ హిందుస్తాన్ మోటార్స్ బండే కదా, అన్న గుండె తమ్ముడికి పెడితే తప్పేమిటని ఆయన తర్కం.

మేస్త్రీ కూడా భరోసా ఇచ్చాడు. "బండి ఎగిరెల్లిపోద్ది బావూ. కాయితం సంగతంటారా, అది నాకేటి తెలుస్తాది?"

కాయితం సంగతి చూడ్డానికి నన్ను పిలిచాడు బావ. చూశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చే మార్పేదీ బండికి చెయ్యకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది.

"మరి తయారీదారునే అడిగితే?" అన్నాడు బావ.

అడగొచ్చు. ఉత్తరపాడాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. పేరు మాత్రం 2017లో 80 కోట్లకు ఫ్రాన్సు పెజో వాళ్లకు వెళ్లింది. బరంపురం నుంచి పారిస్‌కు అర్జీ పెట్టుకోవాలి, అదీ ఇంజిన్ గురించి కాదు, పేరు గురించి.

చట్టానికి దయ లేదనుకోకండి. బండిని గ్యాసుకు మారుస్తారా, కిట్‌కు ఆమోదం ఉంటే సరే. ఇంజినే తీసేసి బ్యాటరీ పెడతారా, దానికీ దారి ఉంది. డీజిల్ బండి డీజిల్‌తోనే కాస్త చురుగ్గా నడవాలని కోరుకుంటేనే తంటా. బండ్లను పరీక్షించే సంస్థలు పుణేలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ ఉన్నాయి కానీ, వాళ్ల పరీక్షలు ప్రధానంగా బండ్లు తయారుచేసేవాళ్లకూ కిట్లు తయారుచేసేవాళ్లకూ. ఒక్క కారు, ఒక్క కోరిక ఉన్న మనిషి అక్కడికెళ్లి ఏ కిటికీ దగ్గర నిలబడాలి? ఆస్ట్రేలియాలో ఇలాంటి పనికో నిబంధనల పుస్తకం ఉంది, వీఎస్‌బీ-14 అంటారు. బండి బరువును బట్టి ఎంత ఇంజిన్ పెట్టొచ్చో, టర్బో ఉంటే ఎంత తగ్గించాలో లెక్కగట్టి, ఇంజినీరు బ్రేకులూ చట్రమూ చూసి సంతకం పెడతాడు. ఆ సంతకం కింద తన పేరుంటుంది కాబట్టి నిజంగానే వంగి చూస్తాడట. మనకు వంగి చూసే శ్రమ లేదు. ఆర్‌సీలో సీసీ ఎంతుందో కూర్చునే చదవొచ్చు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ 52వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్. అనుమతి లేకుండా మార్పు చేసినవాడు పద్నాలుగు రోజుల్లోగా ఆర్‌సీ పట్టుకుని, రుసుము కట్టి, తానే వచ్చి చెప్పుకోవాలి. 2019లో మార్చి రాసిన 182ఏ సెక్షన్ ఆ వచ్చినవాడి కోసమే కాచుక్కూర్చున్నట్టుంటుంది: ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, లేదా రెండూ. బావ కాగితం మీద రాసుకున్నాడు. ఇంజిన్ ఒకటి, టర్బో రెండు, ఇంటర్‌కూలర్ మూడు, సైలెన్సరు నాలుగు. బ్రేకులు కూడా బాగుచేయిద్దామనుకున్నవాడు అక్కడ ఆగి, జరిమానా పెరుగుతుందని ఆ పద్దు కొట్టేశాడు.

చెప్పనివాడి మాటేమిటంటారా? పెట్రోలు బంకు పక్కన పొగ పరీక్ష చేసే కుర్రాడు పొగనే చూస్తాడు, ఇంజిన్ ఏ ఊరిదని అడగడు. సరిహద్దులోని గిరిసోల గేటు దాటి ఇచ్ఛాపురం పెళ్లిళ్లకు వెళ్లొచ్చే బండ్లలో ఎన్నింటి బానెట్ కింద ఏముందో ఆ పైవాడికే ఎరుక. రేపు యాక్సిడెంటయితే మాత్రం బానెట్ ఎత్తే మొదటి మనిషి బీమా సర్వేయరు.

పోనీ 2036 దాకా ఆగమన్నాను. అప్పటికి బండికి యాభై ఏళ్లు నిండుతాయి, 20,000 కట్టి వింటేజ్ కింద వీఏ నంబరు తెచ్చుకోవచ్చు. కాకపోతే ఇంజిన్ మార్చి ఉండకూడదు, రోజూ రోడ్డెక్కకూడదు. ఈలోగా ఇరవై ఏళ్లు దాటిన కారుకు ఆర్‌సీ రెన్యువల్ 10,000 చేశారు కూడా.

బావ ఇవేవీ వినలేదు. చట్టం తానే చదువుతానని పుస్తకం లాక్కున్నాడు. వేలు రెండో ఉపసెక్షన్ మీద ఆగింది. పదికి తగ్గకుండా రవాణా బండ్లున్నవాడికి, ముందస్తు ఆమోదం లేకుండానే ఇంజిన్ మార్చుకునేందుకు ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చని ఉందక్కడ.

"ఏరా, పాత లారీలు ఎంతకొస్తున్నాయిప్పుడు?" అన్నాడు.

అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ అయితేనే అని ఆ వాక్యం చివర్లో ఉంది. లారీలకు బేరం కుదిరాక చెబుదామని ఊరుకున్నాను.