రెక్కక్రింది చిమచిమ: టీకా తాత్పర్యసహితము

మూలము

“ఏమే, గీ రెక్క కింద జర గోకు. గాడ గాదు. ఇంకింత మీదికి. ఆఁ, గాడ్నే. గాదు, మళ్ళ జరిగింది.”

అవతారిక

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ప్లాస్టికు డబ్బాలు పోతపోయు యంత్రమొకదానియొద్ద పనిచేయు ఒకానొక గృహస్థుడు, రెండవ షిఫ్టు ముగించుకొని రాత్రి పదకొండు గంటల వేళ షాపూర్‌నగర్‌లోని అద్దెయింటికి చేరి, అన్నము తిని, బనీను విప్పి, గోడవైపు మొగము పెట్టి కూర్చుండి తన యిల్లాలితో పలికిన ఈ వాక్యపంచకము, నాలుగంగుళముల ఇటుకగోడ కావలి వాటాలో కాపురమున్న నా చెవిని బడినది. గోడలకు చెవులుండునని లోకము చెప్పును గాని మా వాటాల నడిమి గోడకు నోరు కూడ కలదు. ఒకనాడు విన్నది మరునాడును వినబడెను. నెల తిరుగునప్పటికి పాఠము నాకు కంఠస్థమైనది. కంఠస్థమైనదానికి వ్యాఖ్య వ్రాయకుండుట మా కులవిద్యకు తగదు.

షాపూర్‌నగర్ మీదుగా నర్సాపురమునకు పోవు బాటను పట్టి నడచినచో మెదకు సీమ వచ్చును. మహాకావ్యములకు వ్యాఖ్యలు రచించి కాళిదాసును మనకు చేరువ చేసిన కోలాచలము మల్లినాథసూరి ఆ సీమలోని కొల్చారమువాడు. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు ఆయన రెండు ప్రతిజ్ఞలు చేసెను. వానిలో మొదటిదానిని నేనును పాటింతును. రెండవది మల్లినాథునివంటివానికే చెల్లును.

ఇక జీడిమెట్ల యను గ్రామనామము. నల్లజీడి యను చెట్టొకటి కలదు. సంస్కృతమున దానిని భల్లాతకమందురు. చాకలివారు బట్టలకు గుర్తులు పెట్టుట కుపయోగించు ఆ గింజలరసము పచ్చిగా ఒంటికి తగిలినచో పొక్కులు లేచి, దురద పుట్టి, రోజుల తరబడి చిమచిమలాడును. కావున దురద ఈ ఊరిపేరులోనే బీజరూపమున నున్నదని చెప్పి ఒక వ్యాఖ్యాత చంకలు కొట్టుకొనవచ్చును. నేను కొట్టుకొనను. ఇప్పుడీ వాడలో జీడిచెట్టును చూపగలవాడు లేడు. కనబడునవి ట్యాంకరు లారీలు, మందుల కంపెనీల గొట్టములు, ముక్కుపుటములను వెదకుచు వచ్చు ఘాటువాసనయు మాత్రమే.

ప్రతిపదటీక

“గీ” యనునది తెలంగాణమున “ఈ” యను సర్వనామమునకు వాడుకరూపము. ఇచట నొక శంక. తన చేతి కందని చోటును, తన కన్నులెన్నడు చూడని చోటును వక్త “ఈ” యని దగ్గరిదానివలె ఎట్లు నిర్దేశించెను? సమాధానము: చేతికి దూరమైనను బాధకు దూరము కాదు. కాని ఒక్క వాక్యము దాటునప్పటికి ఆ “గీ”యే “గాడ” యైనది, అనగా దగ్గరిది దూరమైనది. ఒకే వీపు యజమానికి సామీప్యమును, గోకు చేతికి దూరమును ఏకకాలమున వహించుట ఇందలి చమత్కారము.

“రెక్క” యనగా పక్షి కెగురునది, మనుష్యునికి పనిచేయునది. రెక్కాడితేగాని డొక్కాడదన్నప్పటి రెక్క చేయి. ఇచట చెప్పబడినది చేతికి వెనుకనుండి ఆధారమైన పలకయెముక. వైద్యశాస్త్రమున దీనికి అంసఫలకమని పేరు. సుశ్రుతుడు దేహమున 107 మర్మములను లెక్కించినపుడు వెన్నున కిరువైపుల ఈ రెండింటిని మరువక చేర్చి, అచట దెబ్బ తగిలినచో బాహువులు తిమ్మిరెక్కుటయో ఎండిపోవుటయో సంభవించునని చెప్పెను. మన యంత్రవాహకుని కెవరును దెబ్బ కొట్టలేదు. అతని పనిని నేనొకనాడు అన్నపు డబ్బా అందించు నెపమున పోయి చూచితిని. అచ్చు విచ్చుకొనగానే మెడ వంచి, కుడిచేయి లోనికి చాచి, వెచ్చని డబ్బాను పెరికి, అంచున మిగిలిన తోకను బ్లేడుతో కోసి, అట్టపెట్టెలో వైచి, జారుడుతలుపును ఎడమచేత లాగి మూయును. అరనిమిషమున కొకసారి అచ్చు విచ్చుకొనును. భోజనపు అరగంట తీసివేయగా షిఫ్టునకు 900 సారులు. ప్రతిసారియు ఆ పలకయెముక వెన్నునుండి ముందుకు జారి మరల వెనుకకు వచ్చును. తల మాత్రము ముందుకే వ్రేలాడుచుండును.

“కింద” యను పదము పండితులను చిక్కున బెట్టదగినది. ఎముకకు దిగువనా? ఎముకకు అడుగుననా? రెండును కావు. ఆ చిమచిమ వెన్నుపూసకును పలకయెముక లోపలి అంచునకును నడుమ, రూపాయిబిళ్ళంత మొదలు అరచేయియంత మేర ఆడుచుండును. రష్యాదేశపు నాడీవైద్యుడు అస్త్వత్సతూరొవ్ 1934లో దీనికి నోటాల్జియా పరెస్థెటికా అని నామకరణము చేసెను. గ్రీకుభాషలో నోటోస్ అనగా వీపు, ఆల్గోస్ అనగా నొప్పి. నొప్పికంటె దురదయు, చీమలు ప్రాకినట్లుండుటయు, సూదులు గ్రుచ్చినట్లుండుటయు దీనియందు మెండు. మన వైద్యులు పిపీలికాసంచారమను మాట నెప్పుడో కల్పించియుంచిరి. ప్రాచీనులకు చీమలతో పరిచయమెక్కువ.

“జర” యను పదమున శ్లేష కలదు. ఉర్దూనుండి వచ్చిన “జర” కొంచెమను నర్థమిచ్చును. సంస్కృతమున జర యనగా ముసలితనము. వక్త మొదటిదానినే ఉద్దేశించెననుటలో సందేహము లేదు. అయినను ఈ వ్యాధి నడివయసు దాటినవారియందును, అందును స్త్రీలయందును హెచ్చుగా కనబడునని వైద్యులు చెప్పుటచే, రెండవ యర్థమును పూర్తిగా త్రోసిపుచ్చరాదు. వక్తకు నలువది నాలుగేండ్లు. అతడొప్పుకొనడు.

“గోకు” మనుట విధ్యర్థకము. గోకుటకు గోరు కరణము, చర్మము కర్మ, సుఖము ఫలము. ఆ ఫలము క్షణికము. గోకినకొలది చర్మము మందమై, నల్లబడి, మరింత దురదను పుట్టించును. అది చాలక కొందరు స్నానము చేయునపుడు నైలాను పీచుతో వీపును తోముకొని నల్లమచ్చను స్థిరము చేసికొందురు. దానిని మురికి యనుకొని మరింత తోముదురు. ఇంతవరకు వ్రాయునప్పటికి నా వీపునందును ఆ చోటనే ఏదియో ప్రారంభమైనది. దురదను గూర్చి విన్నవారికి దురద పుట్టుట లోకమెరిగిన సంగతియే. కాని వ్యాఖ్యాతకు మూలకారునితో ఇంత తాదాత్మ్యము పనికిరాదు.

“గాడ గాదు.” ఈ వాక్యమే గ్రంథమునకు ప్రాణము. ఒక ప్రతిలో “గాఢము గాదు” అని పాఠాంతరముండుటకు వీలున్నది. గోకుడు చాలినంత గాఢముగా లేదని అప్పుడర్థము. పాఠాంతరము రసవంతమే గాని గ్రాహ్యము గాదు, ఏలయనగా వాక్యము తరువాత వినవచ్చినది గోకుడు ధ్వని కాదు, గాజుల చప్పుడు. “అక్కడ కాదు” అనియే అర్థము. ఉపనిషత్తులు బ్రహ్మమును ఇది కాదిది కాదని నిషేధించుచు చూపినట్లు ఈ గృహస్థుడును తన దురదను నిషేధముఖముననే నిర్దేశించుచున్నాడు. నిజమారసినచో అతడు తెలియక పలికినదే శాస్త్రసత్యము: చిమచిమ వీపునందున్నది, దాని వేరు అచట లేదు. ఛాతివెనుకటి వెన్నుపూసలలో రెండవది మొదలు ఆరవదివరకు గల చోట్లనుండి బయలుదేరిన నాడుల వెనుక శాఖలు, వెన్నునంటియున్న లోతైన కండరమును చీల్చుకొని, ఇంచుమించు లంబకోణముగా మలుపు తిరిగి చర్మమును చేరును. ఇరుకుసందులో మలుపు తిరుగు ట్యాంకరు లారీ గోడను రాచుకొనునట్లు ఆ మలుపున నాడి నలగునని వైద్యుల ఊహ. మరికొందరియందు దోషము ఇంకను పైన, మెడపూసలయందుండును; అచటి నాడి నలిగిన బాధ పలకయెముక లోపలి అంచున పలుకును. గోకునది చివరను, నలుగునది మొదటను. ఇల్లాలి వ్రేలు ఎచట పెట్టినను “గాడ గాదు” అనకేమి చేయును?

ఇచటనే హాస్యము కొంచెము మాని చెప్పవలసినదొకటి యున్నది. శరీరము చోట్లను గూర్చి అబద్ధములాడును. పిత్తాశయమున రాళ్ళున్నచో కుడిరెక్క క్రింద నొప్పి పుట్టవచ్చును. గుండెకు రక్తము చాలనపుడు ఎడమరెక్క నడుమ పీకుచు, రొమ్ము బిగిసి, చెమటలు పట్టవచ్చును. అట్టి వేళ గోకించుకొనుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఒకవైపున మాత్రమే మంటతో మొదలై రెండుమూడు దినములకు పట్టీవలె పొక్కులు లేచినచో అది సర్పి. చేతిబలము తగ్గి చేతిలోని వస్తువు జారిపడుచున్నను, తిమ్మిరి కాళ్ళకు ప్రాకినను, జ్వరమో బరువు తగ్గుటయో తోడైనను వైద్యుని చూడవలెను. ఇవి లేనిచో ఈ చిమచిమ వేధించునే గాని చంపదు.

“మళ్ళ జరిగింది.” జరుగుట యనగా సంభవించుట, చోటు మారుట. ఇచట రెండునర్థములు కలసియే యున్నవి.

ఉపశమనప్రకరణము

లోకమున దీనికి మొదటి చికిత్స ద్వారబంధము. ఫాక్సుసాగరు గట్టున గేదె రాతికి వీపు రాచినట్లు మనుష్యుడు తలుపుచెక్క యంచునకు రాచుకొనును. రెండవది సంతలో దొరకు ప్లాస్టికు చేయి. అది ఏ అచ్చునుండి వచ్చునో మన గృహస్థునకు బాగుగ తెలియును. మూడవది అమృతాంజనము. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన ఈ పసుపుపచ్చని లేపనము ఆంధ్రపత్రికను పోషించినదని మన పెద్దలెరుగుదురు. తెలుగువాని తలనొప్పి తెలుగు పత్రికను బ్రతికించినదన్నమాట. అందలి పుదీనాపువ్వు చర్మములోని చలినెరుగు ద్వారములను తట్టి, దురదవార్తను కాసేపు చలివార్తచే కప్పివేయును. మిరపకాయ ఘాటు మరియొక ద్వారమును తట్టును. ఆ ద్వారమును కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెలు బహుమానము వచ్చినది. మిరపసారము కలిసిన లేపనమును వైద్యుడు చెప్పిన మేర దినమునకు కొన్నిసారులు రాయగా, మొదట మండి, కొన్నివారములకు ఆ నాడి మొరపెట్టుట మానును. గుంటూరు కారమును నేరుగా పూయరాదని వేరుగా వ్రాయవలసి వచ్చుట మన జాతిస్వభావమునుబట్టియే. రాసిన చేతితో కన్ను నలుపుకొనరాదు. మొద్దుబార్చు పట్టీలును, నాడులకిచ్చు మాత్రలును వైద్యుని చేతిలోనివి.

వేరునకు చేయదగిన చికిత్స వేరు. గంటకొకసారి పనియాపి, గడ్డమును వెనుకకు లాగి, రెండు పలకయెముకలను వెన్నువైపు ఒకదానినొకటి తాకునట్లు బిగించి, ఐదు లెక్కపెట్టి వదలవలెను, ఇట్లు పదిసారులు. యంత్రమెదుట ఒక మెట్టు వేసికొన్నచో మెడ అంత వంచనక్కరలేదు. ఈ మాట నేను గోడమీదుగానే చెప్పితిని. రెండు దినముల కతడు చెక్కపీట యొకటి పనికి తీసికొనిపోయెను. మూడవనాడు దానిమీద సూపర్వైజరు కూర్చున్నాడని వినికిడి.

తాత్పర్యము

ఓ భార్యా! నా వీపున చూపింపరాని చోట, నీవు తాకలేని వేరునుండి పుట్టి, నీవు తాకగానే తొలగిపోవు బాధ యొకటి కలదు. దానిని కొంచెము గోకుము, అని భావము.

నిన్నటి రాత్రి మూలమునకు ఉత్తరభాగమొకటి వెలువడినది. పలికినది ఇల్లాలు. ఆమెది అదే పారిశ్రామికవాడలో మాత్రల కంపెనీ పాకింగు సెక్షను. దినమంతయు తల వంచి అట్టడబ్బాలు మడచును. పాఠాంతరములు లేవు.

“ఇగ నువ్వు నాది గోకు.”