అప్‌గ్రేడ్ రాయుడు

అప్‌గ్రేడ్ రాయుడికి సాఫీగా నడిచే కంప్యూటరంటే గిట్టదు. ఇంట్లో ఉబుంటు 22.04 మీద అందరి పనులూ జరిగిపోతుంటే, 24.04 వచ్చిందని విన్నప్పటినుంచి ఆయనకు అన్నం సయించదు. ఈ దీర్ఘకాలిక వెర్షన్లు రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వస్తాయి. అయితే 24.04.1 అనే తొలి సవరణ వెలువడేదాకా పాతవాళ్లకు అప్‌గ్రేడ్ పిలుపు రాదు. పిలవని పేరంటానికి వెళ్లడంలో రాయుడిది అందెవేసిన చెయ్యి. అప్‌గ్రేడ్ కమాండ్ చివర ‘-డి’ తగిలిస్తాడు.

ముహూర్తం ఎప్పుడూ ఆదివారం రాత్రి పదకొండు దాటాకే. బ్యాకప్ తీశారా అని భార్య అడిగితే, “ఇది విండోస్ కాదే” అంటాడు. ప్రశ్నకూ జవాబుకూ చుట్టరికం లేకపోవడం ఈ జాతి లక్షణం.

నెలల తరబడి రీబూట్ చేయకపోవడం మరో లక్షణం, అదొక గర్వకారణం కూడా. అసలు చిక్కంతా అక్కడే. ఎప్పుడో దొర్లిన పొరపాటు రీబూట్ దాకా పైకి తేలదు. తేలినరోజు నింద అప్‌గ్రేడ్ మీద పడుతుంది. రాయుడి యంత్రం తొంభై సెకన్లు దేనికోసమో ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో చతికిలబడుతుంది. లాగ్ చూడాలంటే ‘జర్నల్‌సీటీఎల్ -ఎక్స్‌బీ’ కొట్టమని తెరే చెబుతుంది. తెర చెప్పినట్టు వింటే రాయుడెందుకవుతాడు?

ముందు గ్రబ్ మెనూలోంచి పాత కెర్నల్‌ను లేపుతాడు. అదీ అక్కడే ఆగుతుంది. పాతదీ కొత్తదీ ఒకేచోట ఆగితే దోషం కెర్నల్‌ది కాకపోవచ్చని ఇంకెవరికైనా తోచేది. ఈయన మాత్రం రెండూ పాడయ్యాయని తేలుస్తాడు. భార్య ఆఫీసు ల్యాప్‌టాప్ లాక్కుని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌ను లైవ్ యూఎస్‌బీగా మారుస్తాడు. అందులో బావమరిది పెళ్లి ఫొటోలుండేవి. ఇక చ్‌రూట్‌లోకి దూరి గ్రబ్‌ను మళ్లీ ఎక్కిస్తాడు, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌ను తిరగ కడతాడు. మెనూ దాకా తీసుకొచ్చిన గ్రబ్‌కు ఏ రోగమూ లేదు. అయినా చికిత్స మూడింటిదాకా సాగుతుంది.

తెల్లవారి కూతురు తెర చదువుతుంది: “నాన్నా, ఏదో డిస్క్ కోసం చూసి చూసి టైమైపోయిందంటోంది.”

బ్యాకప్ కోసమే కొని, దాని యూయూఐడీని ‘/ఈటీసీ/ఎఫ్ఎస్‌ట్యాబ్’లో రాయుడే స్వహస్తాలతో రాసుకున్న హార్డ్‌డిస్క్ అది. సినిమాలు నింపుకుంటానని బావమరిది పట్టుకెళ్లాడు. ఫైల్లో వరుస మాత్రం ఉండిపోయింది. దాని ఆప్షన్లలో ‘నోఫెయిల్’ అనే మాట ఉంటే డిస్క్ లేకపోయినా యంత్రం లేచేది. ఇప్పుడు వరుస మొదట ఒక్క హ్యాష్ గుర్తు పెట్టి రీబూట్ చేస్తే చాలు, డెస్క్‌టాప్ ప్రత్యక్షం.

“నేనూ అదే అనుకుంటున్నా” అంటాడు రాయుడు. ఆఫీసులో మాత్రం గ్రబ్‌ను బతికించిన కథే చెబుతాడు. విన్నవాళ్లలో ఒకడు తన ల్యాప్‌టాప్ ఇంకా 22.04 మీదే ఉందని నోరు జారతాడు. ఆదివారం ఖాళీయేనా అని రాయుడు వెంటనే అడుగుతాడు.