ఒక స్టూడియో దీపము ఆత్మకథ

నేను సినిమా స్టూడియోలలో జూనియరని పిలువబడు 2000 వాట్ల దీపమును. 1927లో హాలీవుడ్డున పీటర్ మోల్ ప్రభృతులు నెలకొల్పిన మోల్-రిచర్డ్‌సన్ కర్మాగారము నా పుట్టినిల్లు. మా సోలార్‌స్పాట్ వంశమును రూపొందించినందులకు ఆ కర్మాగారమునకు 1935వ సంవత్సరపు ఆస్కార్ సాంకేతిక పురస్కారములలో స్థానము లభించినది. సముద్రతీరపు దీపస్తంభములకై ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ కల్పించిన మెట్లమెట్ల కటకమే నా ముఖము. లోపలి బల్బును కటకమునకు చేరువగా జరిపినచో నా వెలుగు విశాలముగ పరచుకొనును. వెనుకకు లాగినచో సన్నని ధారయై కోరినచోటనే పడును. నేను చెప్పబోవు కథకు సగము కారణము ఈ చిన్న యేర్పాటులోనే యున్నది.

నేను కొలువున చేరునాటికి తారలను వెలిగించు పద్ధతి శాస్త్రమై స్థిరపడియుండెను. ముఖముపై పడు కీ లైటు, దానివలన కలుగు నీడలను మాన్పు ఫిల్ లైటు, కేశపాశమునకు వెండియంచు కట్టు బ్యాక్ లైటు, ఈ మూటి పొందికవలన కథానాయిక కన్నీరు కార్చుచున్నను కళ తరుగని చంద్రబింబమై తోచుచుండెను. 1940లో ఆర్.కె.ఓ. స్టూడియోవారు 'స్ట్రేంజర్ ఆన్ ది థర్డ్ ఫ్లోర్' అను చిన్న చిత్రమును తలపెట్టినప్పుడు, ఇటలీలో జన్మించిన ఛాయాగ్రాహకుడు నికొలస్ ముసురాకా ఫిల్ లైటును ఆర్పించి, నన్ను నేలకు దింపి, వస్తువులకంటె వాని నీడలే పెద్దవై గోడలపై లేచునట్లు నిలిపెను. అప్పటినుండి ముఖమున సగమును దాచుటయే నా యుద్యోగమైనది.

ఈ చీకటి ఎవరో యొక మహానుభావుని భావనాపటిమనుండి ఊడిపడెనని తలచువారున్నారు. స్టూడియో నేలపై నిలిచి చూచినదానను గనుక నేనొప్పుకొనను. యుద్ధకాలమున ఒక్కొక్క చిత్రపు సెట్లకు క్రొత్తగా కొను సామగ్రి 5000 డాలర్లు మించరాదని ప్రభుత్వము కట్టడి చేసెను. పగిలిన గోడను శాలువతో కప్పు పేదయింటివారివలె మేము లేని సెట్టును నీడతో కప్పితిమి. అంతకు కొంచెము ముందే, 1938లో, కొడాక్ వారు తక్కువ వెలుగులోను బొమ్మను పట్టుకొను ఫిల్మును తెచ్చియుండిరి. హిట్లరు ఏలుబడిని తప్పించుకొని వచ్చిన ఫ్రిట్జ్ లాంగ్, బిల్లీ వైల్డర్, రాబర్ట్ సియోడ్మాక్ మొదలగు దర్శకులు బెర్లిను స్టూడియోలలో అలవడిన వంకరనీడల విద్యను వెంటదెచ్చిరి. హామెట్, కెయిన్, చాండ్లర్ వంటి రచయితలు అపరాధిని పట్టుటకంటె అపరాధము చేయు మనస్సును చూపుటయే మిన్నగా నెంచిన కథలను సిద్ధము చేసియుంచిరి. వీనికితోడు 1934 మొదలు కఠినముగ అమలైన సెన్సారు నియమావళి, చూపరానివానిని సూచింపుమని మమ్ము నిర్బంధించినది.

కెయిన్ రచించిన 'డబుల్ ఇండెమ్నిటీ' ఆ నియమావళి కారణమున ఏండ్ల తరబడి తెరకెక్కలేదు. బీమా డబ్బుకై భర్తను చంపించు భార్య కథ యది. తుదకు 1944లో వైల్డరు దానిని పారమౌంటు సంస్థకై తీయగా, అచటనున్న నా జాతివారే పని చేసిరి. ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ కిటికీ తెరల పట్టీలగుండ వెలుగును పంపి, గాలిలో అల్యూమినియపు పొడిని చల్లించి, ఎండపొడి కనబడునంత దుమ్ముగల లోగిలిని కల్పించెను. కాలిఫోర్నియాలోని చక్కని మధ్యతరగతి యిల్లు ఆ చారల నీడలలో కటకటాల గదియై కనబడినది. హత్యను చూపక హత్యాలోచన వాసనను గదియంతట నింపిన ఆ నేర్పునకు సాటి నేను మరల చూడలేదు.

ఇన్ని చేయుచున్నను మేము చేయుచున్నదేమో మాకు దెలియదు. స్టూడియోవారు ఈ చిత్రములను మెలోడ్రామాలనిరి. జర్మనుల యాక్రమణకాలమున అమెరికా చిత్రములకు దూరమైన పారిసు నగరమునకు 1946లో 'మాల్టీస్ ఫాల్కన్', 'లారా' మొదలగునవి ఒక్కుమ్మడిగ చేరగా, ఆ యాగస్టున నీనో ఫ్రాంక్ అను విమర్శకుడు వానికి ఫిల్మ్ న్వార్, అనగా నల్లచిత్రము, అని పేరు పెట్టెను. 1955లో ఫ్రెంచి విమర్శకులు బోర్డ్, షోమెతోనులు దానిపై గ్రంథమే వ్రాసిరి. ఇది కథాజాతి కాదు, స్వరమును ధోరణియు మాత్రమేనని 1972లో విమర్శకుడు పాల్ ష్రేడర్ వాదించెను. నా యనుభవమునకు ఆ మాటయే దగ్గరగానున్నది.

ఈ ధోరణి పరిపక్వమైనది 1947లోనని నా నిశ్చయము. ముసురాకాయే ఛాయాగ్రహణము చేసిన 'అవుట్ ఆఫ్ ది పాస్ట్'లో, గుడిసెలో ఇరువురు పురుషులు ముష్టియుద్ధము చేయుచుండగా, వారి నీడలు చూచుచున్న నటి జేన్ గ్రీర్ ముఖముపై ఆడుచుండును. ఆమె తుపాకి ఎత్తకముందే ఆమె చిత్తవృత్తిని ఆ నీడలు చెప్పివేయును. అదే యేట ఛాయాగ్రాహకుడు జాన్ ఆల్టన్ 'టి-మెన్' చిత్రమునకు పేదబడ్జెట్టులో ఒకటి రెండు దీపములతో రాత్రులను సృష్టించెను. చిత్రమేమనగా, ఇంతటి తమోవిద్యావంతునకు ఆస్కారు లభించినది 'యాన్ అమెరికన్ ఇన్ పారిస్'లోని రంగురంగుల నృత్యఘట్టమునకు!

పతనము గూర్చి విస్తరింపను. రంగు ఫిల్ము మరింత వెలుగు కోరెను. టెలివిజను వచ్చి చిన్న చిత్రముల పొట్టగొట్టెను. జర్మనీలో 'మెట్రోపోలిస్'కు ఛాయాగ్రహణము చేసిన కార్ల్ ఫ్రాయిండ్, 1951లో 'ఐ లవ్ లూసీ' హాస్యనాటికలకై, మూడు కెమెరాలు ఏకకాలమున పనిచేయుటకు అనువుగా, ఎచటను నీడ లేని సమకాంతిని కల్పించెను! ఆ నాటికల నిర్మాతలైన దెసిలూ సంస్థవారే 1957లో ఆర్.కె.ఓ. స్టూడియోలను కొనిరి. మరుసటియేట దర్శకుడు ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్'తో ఆ యుగము ముగిసినదని పెక్కుమంది విమర్శకులందురు.

ఇప్పుడు నేను కాలిఫోర్నియాలోని ఇర్వైన్ నగరమున ఒక తెలుగు గృహస్థుని ముందుగదిలో, కడుపున ఎల్.ఇ.డి. బల్బుతో అలంకారవస్తువునై యున్నాను. వారు 'మాయాబజార్' చూచునప్పుడు దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కల్పించిన వెన్నెలను తనివిదీర చూతును. మేము నలుపు తెలుపులను అనుమానమునకు వినియోగించిన దశకముననే ఆయన వానిని ప్రణయమునకు వినియోగించెను. 1974లో వచ్చిన 'చైనాటౌన్'ను గూడ ఈ గదిలోనే చూచితిని. లాస్ ఏంజిలిస్ నీటిదొంగల కథను పట్టపగటి యెండలో, రంగులలో చెప్పిన ఆ చిత్రము నా దృష్టిలో మాకు ఔరస సంతానము. తడిసిన వీధి, పొగ, టోపీ, పట్టీల నీడ ఉన్నంతమాత్రమున తామును మావారమే యనుకొను నేటి చిత్రములలో పెక్కు వేషధారులు. చదువరులు పరీక్షింపదలచినచో మొదట 'అవుట్ ఆఫ్ ది పాస్ట్' చూడుడు. చూచునప్పుడు గదిలోని దీపములన్నిటిని, నావంటిది యున్నచో దానిని సయితము, ఆర్పివేయుడు.