జీపీఎస్ ఉండగా మనిషితో పనేమిటి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ఔత్సాహికులకు ఈ నాలుగు మాటలు. ఎవరో ఒకాయన ఒక డబ్బాలో చిన్న నోటుపుస్తకం, పెన్సిలు, ఒక కీచైనో బొమ్మకారో పెట్టి చెట్టు తొర్రలో దాస్తాడు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు లోకానికి చాటుతాడు. మీరు చేతిలో ఇమిడే జీపీఎస్ యంత్రంతో పోయి, డబ్బా వెతికి, పుస్తకంలో సంతకం చేసి, ఎట్లున్నదాన్ని అట్లనే పెట్టి రావాలి. దీన్ని జియోక్యాచింగ్ అంటారు. 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం, సామాన్యులకిచ్చే జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. వంద మీటర్ల దాకా తడబడే యంత్రాలు రాత్రికి రాత్రి పది, ఇరవై మీటర్ల తేడాకు దిగాయి. వెంటనే మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టును సగం పూడ్చి దాచాడు. అందులో ఒక చిక్కుడుగింజల డబ్బా కూడా ఉంది. ఇప్పుడు ఈ ఆట పెద్దలు, తినేవి పెట్టొద్దు, నేల తవ్వొద్దు అని నియమాలు పెట్టారు. మొదటాయనే రెండూ చేశాక మనకెందుకు ఆ పట్టింపు?

యంత్రాన్ని దుబాయిలో ఉన్న బావమరిదితో తెప్పించండి. కోరుట్లలో బావమరిది దుబాయిలో లేని ఇల్లు వెతకడం డబ్బా వెతకడం కంటే కష్టం. మెనూ అరబ్బీలో ఉంటే మార్చకండి, నలుగురిలో మర్యాద పెరుగుతుంది. వెంట వచ్చిన చిన్న పుస్తకాన్ని అటక మీద పడేయండి. సెల్లులు రెండు కావాలి కనుక హాలు గడియారంలోది ఒకటి, వంటింటి గడియారంలోది ఒకటి తీసి వేయండి. కొత్త జత జేబులో పెట్టుకొమ్మని కొందరు పిరికివాళ్లు చెబుతారు.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు ఆరుబయట, నెత్తిమీద ఆకాశం కనబడే చోట కొన్ని నిమిషాలు కదపకుండా పెట్టాలని అంటారు. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. కనీసం నాలుగు దొరికితేనే లెక్క తెగుతుంది: మూడింటితో చోటు, నాలుగోదానితో యంత్రంలోని చవక గడియారం తప్పు దిద్దుకోవడం. అంత దూరం నుంచి వచ్చేదానికి మన ఇంటి కప్పు ఒక అడ్డా? సిరిసిల్ల బీవై నగర్‌లో రేకుల షెడ్డు కింద, సాంచాల నడుమ నిలబడి ఆన్ చేయండి. రాకపోతే యంత్రాన్ని రెండుసార్లు అరచేత్తో చరచండి.

ఇక అంకెలు. ఈ ఆటలో చోటును డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతులుగా రాస్తారు. జగిత్యాల దగ్గర ఒక చోటు ఉత్తరం 18 డిగ్రీల 47.500 నిమిషాలు, తూర్పు 78 డిగ్రీల 54.500 నిమిషాలు అనుకుందాం. డిగ్రీకి అరవై నిమిషాలు. ఆఖరి అంకె ఒకటి మారితే ఉత్తర దక్షిణాలలో 1.85 మీటర్ల తేడా. ఇదంతా చాదస్తం. చుక్క ఎక్కడుంటే ఏమిటి, అంకెలు అవే కదా! యంత్రం డిగ్రీల దశాంశంలో అడిగితే 18.47500 అని కొట్టేయండి. 35 కిలోమీటర్లు దక్షిణానికి, వేములవాడ చుట్టుపక్కలకు చేరతారు. డబ్బా దొరక్కున్నా రాజన్న దర్శనమవుతుంది, కోడె మొక్కు బాకీ ఉంటే తీరిపోతుంది. రెండో వరుసనూ అదే ధైర్యంతో 78.54500 అని కొడితే ఇంకో 38 కిలోమీటర్లు పడమరకు, సిరిసిల్ల కామారెడ్డి జిల్లాల నడుమకు పోతారు. అక్కడ మీకు చుట్టాలు లేకపోవడం యంత్రం తప్పు కాదు.

సెట్టింగుల్లో డేటమ్ అని ఒకటి కనబడుతుంది. లోకమంతా డబ్ల్యూజీఎస్ 84 వాడుతుంది. అదే జాబితాలో ఇండియా పేరుతో కూడా కొన్ని ఉంటాయి. బ్రిటిష్ వాళ్లు గొలుసులు పట్టుకొని దేశం కొలిచిన కాలంలో ఎవరెస్టు దొర వేసిన లెక్కల మీద నిలబడినవి అవి. దేశభక్తి ఉన్నవాళ్లు ఇండియానే ఎంచుకోవాలి. మన జగిత్యాల దగ్గర అంకెలు వంద మీటర్లకు పైగా పక్కకు జరుగుతాయంతే. దేశం కోసం ఆ మాత్రం నడవలేమా?

బాణం సంగతి వేరే చెప్పాలి. తక్కువ ధర యంత్రాల్లో దిక్సూచి ఉండదు. మీరు నడుస్తుంటేనే, ఇందాక ఎక్కడున్నారు ఇప్పుడెక్కడున్నారు అన్న తేడాను బట్టి అది దిక్కు చూపుతుంది. ఆగితే బాణం అటూ ఇటూ పిచ్చిగా తిరుగుతుంది. అందుకే ఆగండి. కదలకుండా ఒంటికాలి మీద నిలబడి అది స్థిమితపడేదాకా చూడండి. పది మీటర్ల దూరంలో యంత్రాన్ని జేబులో పెట్టి, దాచినవాడి బుద్ధితో రాళ్లు, తొర్రలు, గోడ సందులు చూడమని అనుభవస్థులు చెబుతారు. ఆ మాట వింటే యంత్రానికి పెట్టిన డబ్బు దండగే కదా.

బాణం చూపేది కాకి దూరం. మేడిపల్లి, కథలాపూర్ దిక్కు పోతే ఇది బాగా తెలిసొస్తుంది. డబ్బా 300 మీటర్లే అంటుంది. నడుమ శ్రీరాంసాగర్ నుంచి మిడ్ మానేరుకు పోయే వరద కాల్వ ఉంటుంది. వంతెన ఎక్కడుందో గట్టు మీద గొర్లు కాసే పిలగాడికి తెలుసు. వాడిని అడగకండి. ఆకాశంలో ఉపగ్రహాలు ఉండగా గొర్ల కాపరి సలహానా? పసుపు చేన్లోంచి నేరుగా నడవండి. పసుపు తొక్కితే రైతు ఏమంటాడో వినడానికి ఆగనక్కరలేదు, ఆయనే వెంట వస్తాడు. బండి ఎక్కడ పెట్టారో యంత్రంలో గుర్తు పెట్టుకోకండి. చీకటి పడ్డాక వెతకడానికి ఏదో ఒకటి ఉండాలి.

"ఏం దేవులాడుతున్నరు సారూ?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మన ఊళ్లలో చేతిలో మిషన్ పట్టుకొని, దాన్నీ నేలనూ మార్చి మార్చి చూసుకుంటూ నడిచే మనిషిని చూసి పదినిమిషాలు ఊరుకున్న ఊరు లేదు. "ఎవరో అమెరికాలో మొదలుపెట్టిన ఆట, డబ్బా కోసం వచ్చిన, మీ చెలకలో ఉన్నదట, చూడొచ్చా?" అని నిజం చెబితే నవ్వి, నీళ్లిచ్చి, డబ్బా ఉన్న చోటు వాళ్లే చూపిస్తారు. అది మనకొద్దు. గంభీరంగా "కొలుస్తున్న" అనండి.

ఇక చూసుకోండి. ధరణి పోయి భూభారతి వచ్చినా హద్దు పంచాయితీ తెగని రైతు పాత పహాణీలు, పాస్‌బుక్కు పట్టుకొని ఉరికొస్తాడు. ఆయన అన్న కొడుకు ఇంకో కాగితాల కట్టతో వస్తాడు. ఇద్దరికీ కొలిచి పెట్టండి. చేతి జీపీఎస్ బాగా పనిచేసినప్పుడు కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపుతుంది. గుంట అంటే 121 చదరపు గజాలు, అటు పది మీటర్లు ఇటు పది మీటర్లు అనుకోండి. ఒక పక్క గట్టు ఐదు మీటర్లు జరిగితే అరగుంట పోయినట్టే. సర్వేయర్లు ఒక స్తంభానికి ఖరీదైన రిసీవరు బిగించి, ఇంకో స్థిర కేంద్రంతో సరిచూసుకొని సెంటీమీటర్ల లెక్కలో కొలిచేది ఇందుకే. మీరు మాత్రం తెర మీద కనబడిన చోటల్లా రాయి పాతించండి. రెండోసారి చూస్తే యంత్రం ఇంకో చోటు చూపుతుంది, అక్కడా పాతించండి. రాళ్ల ఖర్చు వాళ్లదే.

"కొలుస్తున్న" అనడం ఇష్టం లేకపోతే "దాచింది వెతుకుతున్న" అనొచ్చు. గుప్త నిధుల కోసం గుట్టల మీద తవ్వేవాళ్ల వార్తలు చదివే జిల్లా ఇది. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు నిజంగానే దొరికాయి కాబట్టి మీ మాట ఎవరూ తీసిపారేయరు. అమావాస్య రాత్రి, టార్చిలైటుతో, గడ్డపార భుజాన వేసుకొని బయలుదేరండి. జగిత్యాల నక్షత్రాకారపు ఖిల్లా గోడ దగ్గర రాళ్లు కదుపుతూ ఉంటే ఇంకా మంచిది. పాత కట్టడం రాయి కదపొద్దని ఆట నియమం ఉంది, లోకంలో దాన్ని మన్నించే ఆటగాళ్లున్నారు, మీకు మాత్రం గడ్డపార ఉంది. జనం మిమ్మల్ని కరెంటు స్తంభానికి కట్టేసినప్పుడు యంత్రాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఆరుబయట కదలకుండా ఉంటే సంకేతం బాగా అందుతుంది.

వెతకడం వచ్చేసింది కనుక ఇక మీరే ఒకటి దాచండి. నీళ్లు దిగని, లోపల ఏముందో కనబడే ప్లాస్టిక్ డబ్బా తీసుకొని, మీద ఆట పేరు, మీ ఫోన్ నంబరు రాసి, భూమి యజమానిని అడిగి, ఇంకో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరంలో పెట్టాలని నియమాలు చెబుతాయి. మీరు స్టీలు టిఫిన్ డబ్బా తీసుకోండి. ఏమీ రాయకుండా నల్ల టేపు చుట్టి, ఒక వైరు ముక్క బయటికి వేలాడేసి, కల్వర్టు కింద పెట్టండి. 1978 అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాతి ఇరవై ముప్పై ఏళ్లు ఇక్కడ పెరిగినవాళ్లకు కల్వర్టు కింద టిఫిన్ డబ్బా అంటే ఏమిటో వివరించి చెప్పే పని లేదు. 2011లో ఇంగ్లండులోని వెదర్బీ ఊళ్లో ఇట్లాంటి ఆట డబ్బానే చూసి వీధి ఖాళీ చేయించి, బాంబుల దళంతో పేల్చేశారు. ఇంగ్లండుకు దొరికిన గౌరవం మనకెందుకు దొరకొద్దు?

కొండగట్టు దగ్గర దాచేవాళ్లు లోపల పుట్నాలు, బెల్లం తప్పక పెట్టండి. అక్కడి కోతులకు జీపీఎస్ అవసరం లేదు.

చివరగా చట్టం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. అందుకని డబ్బాలో పది రూపాయల లోపు సామానే పెట్టండి. సిరిసిల్ల నేతన్నలు అగ్గిపెట్టెలో ఇమిడే చీర నేశారు కదా అని అట్లాంటిది పెట్టి పూడ్చారంటే, దొరికినవాడు దరఖాస్తు పట్టుకొని తిరగాలి. 2016 అక్టోబరు 11 నుంచి జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఇంకో జిల్లా. హద్దు మీద దొరికితే రెండు దరఖాస్తులు రాసుకోవాలి. కలెక్టరేట్లలో ప్రజావాణి సోమవారం ఉంటుంది, పొద్దున్నే పోండి.