మైఎస్‌క్యూఎల్ 2003: టీకా తాత్పర్యసహితము

మూలము: ‘కాంట్ కనెక్ట్ టు మైఎస్‌క్యూఎల్ సర్వర్ ఆన్ 127.0.0.1:3306 (10061)’.

అవతారిక: అనంతపురం జిల్లా వజ్రకరూరున ఒకానొక విత్తనాలు, ఎరువుల అంగడి. తొలకరి పడినది. శెనక్కాయ విత్తుటకు పదును కుదిరినది. బిల్లులు వేయు వెబ్ అప్లికేషనును, దాని మైఎస్‌క్యూఎల్ డేటాబేసును బల్లకింది ఒకే కంప్యూటరులో కాపురమున్నవి. కరెంటు పోయి వచ్చిన పిమ్మట తెరపై పై వాక్యము సాక్షాత్కరించెను. అంగడివాడు నగరమందలి సాఫ్ట్‌వేర్ పండితునికి ఫోను చేయగా, ఆయన ‘సర్వర్ డౌన్ అండీ, మీ ఊళ్ళో నెట్‌వర్క్ ఇష్యూ’ అని సెలవిచ్చెను. ఆ మహావాక్యమును ఖండించుటకే ఈ టీక.

టీక: ‘కాంట్ కనెక్ట్’ స్పష్టము. ‘టు’ మరింత స్పష్టము. 127.0.0.1 వద్ద ఆగవలెను. 127తో మొదలగు 1,67,77,216 చిరునామాలను యంత్రము తనతో తాను మాట్లాడుకొనుటకే పెద్దలు విడిచిపెట్టిరి. ఆ చిరునామాకు పోయిన మాట గడప దాటదు. తీగ తెగినను, టవరు కూలినను దానికి లోటు లేదు. కావున నెట్‌వర్క్ దోషమనుట మూలవిరుద్ధము.

పాఠాంతరములు: మూలమున కుండలీకరణములలోని అంకె లినక్స్ ప్రతులలో 111, మ్యాక్ ప్రతులలో 61, అంగళ్ళలో విరివిగా దొరకు విండోస్ ప్రతులలో 10061. అంకెలు వేరు, ‘కనెక్షను తిరస్కృతము’ అను భావమొక్కటే. 127.0.0.1కు మారుగా ‘లోకల్‌హోస్ట్’ అను పాఠము కలదు. రెండును ఒకటేనని నవ్యులు తలంతురు. యునిక్స్ సంప్రదాయమున మైఎస్‌క్యూఎల్ క్లయింటు ఆ పేరు వినగానే పోర్టు ఊసెత్తక సాకెట్ ఫైలు దారి పట్టును. విఫలమైనచో దోషసంఖ్య 2003 గాక 2002 పలుకును. నోడ్.జేఎస్ 17వ కూర్పు (2021) మొదలు ఆ పేరుకు ఐపీవీ6 చిరునామా ::1 ముందుగా దొరకవచ్చును. డేటాబేసు పాత చిరునామా 127.0.0.1 వద్దనే చెవియొగ్గి కూర్చున్నచో అప్పుడును తిరస్కారమే.

పూర్వపక్షము: పాస్‌వర్డు తప్పేమో? కాదు. అట్లయిన 1045 వచ్చును. డేటాబేసు మేలుకొని, పేరడిగి, పొమ్మన్నదని దానికర్థము. ఫైర్‌వాల్ అడ్డమేమో? అది సాధారణముగా మౌనము వహించును. ఎదురుచూచి ఎదురుచూచి టైమవుట్ అగును. ఇచ్చట వెంటనే జవాబు వచ్చినది. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 అను టీసీపీ శాస్త్రము ప్రకారము, ‘సిన్’ అను పలకరింపు చేరిన పోర్టున వినువాడు లేకున్న, ‘రీసెట్’ అని ఆపరేటింగ్ సిస్టమే తిప్పికొట్టును. సిద్ధాంతము: యంత్రము బ్రతికియున్నది, 3306 పోర్టులో మాత్రము ఎవరును లేరు.

విశేషము: దుర్వ్యాఖ్య అనగానే సంస్కృత కావ్యవ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి స్ఫురించును. మెదక్ సీమలోని కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. దుర్వ్యాఖ్యల విషమునకు మూర్ఛిల్లిన కాళిదాసు వాణిని బ్రతికించుటకే తన టీకకు ‘సంజీవని’ అని పేరిడెను. మూలమున లేనిది వ్రాయను, అక్కరలేనిది చెప్పను అని మొదటనే ప్రతిన పట్టెను. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశములకు సంజీవని అయినది. కిరాతార్జునీయమునకు ఘంటాపథము, మాఘమునకు సర్వంకష, నైషధమునకు జీవాతువు. కిరాతార్జునీయకర్త భారవి పలుకును ఆయన కొబ్బరికాయతో పోల్చెను. పోల్చి ఊరకుండలేదు, పగులగొట్టి రసికుల చేత పెట్టెను. మన పండితుడో, కాయను చూడనైన చూడక ‘మీ ఊరి నీళ్ళు మంచివి కావు’ అనువాడు. మల్లినాథుని ప్రతినను తలక్రిందులుగా పాటించువాడు.

ప్రకృతము. ‘సర్వర్ డౌన్’ అతిశయోక్తియా, అపహ్నుతియా అని ఆలంకారికులు తర్కింతురుగాక. వజ్రకరూరు నేలలో వజ్రములనిచ్చు కింబర్‌లైట్ పైపులున్నవి. తొలకరి జల్లు పడిన మరునాడు జనము చేలలో తల దించుకొని వజ్రములు వెదకుదురు. చదువురానివారు సైతము కాలి క్రింద వెదకు ఊరికి, తల యెత్తి టవరు వంక చూడుమని ఉపదేశము!

ఇక అంగడి గుమ్మం దగ్గర సంగతి. ‘ఏమప్పా, బిల్లు ఎప్పుడేస్తావు?’ అని రైతు అడుగుతాడు. ‘సర్వర్ లేదంట సామీ’ అని జవాబు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా ఇది. ఎర్రనేలలో పదును నాలుగు నాళ్ళు నిలవదు. అంగడివాడు ఒక సర్వీసును స్టార్ట్ చేస్తే తీరిపోయే పనికి రైతును రేపు రమ్మంటున్నాం. అంతకంటే ఘోరం పండితుడి రెండో ఉపదేశం: ‘అంతా తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి.’ తీసేసేటప్పుడు డేటా ఫోల్డరు కూడా పోతే, రైతుల అప్పు ఖాతాలు, విత్తనాల లెక్కలు అన్నీ పోతాయి. ఆ మాట ఆయన చెప్పడు. బిల్లు మాత్రం పంపిస్తాడు.

తాత్పర్యము: విండోస్ సర్వీసెస్ తెరిచి మైఎస్‌క్యూఎల్ నడుస్తోందో లేదో చూడండి. ఆగిపోయి ఉంటే స్టార్ట్ నొక్కి, ఇకమీదట ‘ఆటోమేటిక్’లో ఉంచండి. లేవకపోతే డేటా ఫోల్డరులోని ఎర్రర్ లాగ్ చివరి వరుసలు చదవండి: డిస్కు నిండిందా, కరెంటు పోయినప్పుడు ఫైలు చెడిందా, 3306ను వేరే ప్రోగ్రామ్ ఆక్రమించిందా అన్నది అక్కడే రాసి ఉంటుంది. నడుస్తూనే ఉంటే నెట్‌స్టాట్ కొట్టి అది ఏ పోర్టులో వింటోందో చూడండి. అంగడివాళ్ళకు ఒక్క మనవి: డేటా ఫోల్డరుకు నకలు తీసుకోకుండా రీఇన్‌స్టాల్ అన్నవాడు ఎంత పెద్ద పండితుడైనా సరే, ఫోను పెట్టేయండి.